నియంతయు నిరంకుశుడును

చదువవలసిన వేదభాగములు: ఆదికాండము 41, 47 అధ్యాయములు, 1 రాజులు 21, మత్తయి 2:1–18, 3 యోహాను పత్రిక.



క్రిస్మసు దినములలో మా గ్రామపు యౌవనులు హేరోదు నాటకము ఆడిరి. నాటకము ముగిసి చాపలు చుట్టుచుండగా హేరోదు వేషము వేసిన చిన్నవాడు, ముఖపు రంగు ఇంకను కడుగుకొనకయే నాయొద్దకు వచ్చి, "మాస్టారూ, మా నాటకంలో హేరోదును ఒకచోట నియంత అన్నాము, ఇంకొకచోట నిరంకుశుడు అన్నాము. రెండూ ఒకటేనా?" అని అడిగెను. "ఒకటేలే, పోయి ముఖము కడుగుకో" అని చెప్పి ఇంటికి వచ్చితిని. రాత్రి పండుకొన్న తరువాత ఆ జవాబు తప్పని తోచినది. ఈ నెల పాఠము ఆ చిన్నవానికి నేను బాకీపడిన జవాబే.

వార్తాపత్రికలలో ఈ రెండు మాటలను ఒకదానికి బదులు మరియొకటి వాడుచుందురు. ప్రజలను అణచివేయు ఏ పాలకుని గూర్చి వ్రాసినను, నోటికి ఏది ముందు వచ్చిన అది. అయితే మాటలను విప్పి చూచినయెడల రెండింటిలో రెండు వేరువేరు బొమ్మలు కనబడును.

అంకుశమనగా ఏనుగును నడిపించు మావటివాని చేతిలోని ఇనుప కొంకి. ఆ కొంకి లేనివాడు నిరంకుశుడు. మన పల్లెలలో ఏనుగులు లేవు గాని ఎద్దులను తోలు ముల్లుకర్రను ఎరుగనివారు లేరు. ట్రాక్టర్లు వచ్చిన తరువాత దానితో పని తగ్గినది గాని, దానిని పట్టిన చేతులు మన సంఘములలో ఇంకను ఉన్నవి. మన తెలుగు బైబిలులో దానిని మునికోల అని వ్రాసిరి. నిరంకుశుడను మాట మొదటినుండియు తిట్టు కాదు. కవులు నిరంకుశులని పూర్వపు పెద్దలు మెచ్చుకోలుగానే అనెడివారు. వ్యాకరణము వారిని పొడువజాలదని దాని భావము. కవికి అంకుశము లేకపోయిన పద్యమునకు వచ్చు నష్టము పద్యమునకే. రాజునకు లేకపోయిన వచ్చు నష్టము వేరు.

నియంత అను మాట వేరొక చోటినుండి వచ్చినది. పట్టి నిలుపుట, అదుపులో ఉంచుట అను అర్థముగల సంస్కృత ధాతువునుండి అది పుట్టినది. నియమము, నియంత్రణము, నియామకము అనునవి దాని అన్నదమ్ములు. సంస్కృతమున రథము తోలు సారథికి కూడ నియంత అని పేరు కలదు. చేతిలో పగ్గములు పట్టి గుఱ్ఱములను నడిపించువాడన్నమాట. తరువాతి కాలమున ఇంగ్లీషువారి డిక్టేటరు అను మాటకు తెలుగున ఏదో ఒకటి కావలసివచ్చినప్పుడు మనవారు ఈ మాటను తీసికొని వాడిరి.

కాబట్టి నియంత అనునది అతని చేతిని గూర్చిన మాట: పగ్గములన్నియు ఒక్కని చేతిలో ఉన్నవి. నిరంకుశుడనునది అతని వీపును గూర్చిన మాట: ఎవని మునికోలయు అతనిని తాకదు. ఒక మనుష్యుడు ఈ రెండును కావచ్చును. మొదటిది అయి రెండవది కాకపోవచ్చును. చేతిలో పగ్గములన్నియు లేకయే నిరంకుశుడైనవాడును ఉండును. మనకు కీడు ఎక్కడ మొదలగునో తెలియవలెనన్న ఈ తేడా తెలియవలెను.

మొదట వేదములోని మంచి నియంతను చూతము. ఆ మాట విని ఎవరును ఉలికిపడవద్దు. నేను చెప్పునది యోసేపును గూర్చి. ఫరో తన ఉంగరము తీసి అతని చేతికి పెట్టెను, సన్నపు నారబట్టలు తొడిగించెను, మెడను బంగారు గొలుసు వేసెను, తన రెండవ రథముమీద ఎక్కించెను. అతని సెలవులేక ఐగుప్తు దేశమంతటిలో ఎవడును చేయిగాని కాలుగాని ఎత్తకూడదని ఆజ్ఞాపించెను (ఆదికాండము 41:42–44). ఇంతకంటె ఎక్కువ అధికారము ఒక్కని చేతికి వచ్చుట అరుదు. అది ఎందుకు వచ్చెను? ఏడేండ్ల సమృద్ధి తరువాత ఏడేండ్ల కరవు రానున్నది. పదిమంది కూర్చుండి వాదించుచుండిన ధాన్యము కొట్లకు చేరదు. ఐదవ భాగము తీసి నిలువచేయుటకు ఒక్క చేయి కావలెను. ఆ చేతికి పైన మునికోల కూడ ఉండెను. సింహాసనమున ఫరో అతనికంటె పైవాడు. అంతకంటె ముఖ్యముగా, తాను దేవునికి భయపడువాడనని యోసేపు తన అన్నలయెదుట తానే ఒప్పుకొనెను (42:18). తండ్రి చనిపోయిన పిమ్మట వారు వణకుచు కాళ్లమీద పడినప్పుడు, నేను దేవుని స్థానమందు ఉన్నానా అని అడిగెను (50:19). నియంతయై నిరంకుశుడు కానివాడు ఇట్లుండును.

అయితే 47వ అధ్యాయమును మనము తరచుగా త్వరత్వరగా దాటిపోవుదుము. అక్కడ నిలిచి చదువుడి. జనుల రూకలు మొదట అయిపోయినవి. తరువాత పశువులు పోయినవి. తరువాత భూములు పోయినవి. చివరకు మేము ఫరోకు దాసులమగుదుము, మాకు గింజలిమ్ము అని వారే వచ్చి అడిగిరి. ప్రాణములు దక్కినవని యోసేపునకు వందనములు కూడ చెప్పిరి. అది అబద్ధపు పొగడ్త కాదు, వారి ప్రాణములు నిజముగా దక్కినవి. కరవు ఏడేండ్లకు తీరినది. అయితే ఐదవ భాగము ఫరోదే అను కట్టడ తీరలేదు. అది నేటివరకు ఉన్నదని ఆ గ్రంథమే చెప్పుచున్నది (47:26). యాజకుల భూములకు మాత్రము మినహాయింపు దొరకెను!

మరి కొన్ని పుటలు త్రిప్పుడి. యోసేపును ఎరుగని క్రొత్త రాజొకడు ఐగుప్తును ఏలనారంభించెను (నిర్గమకాండము 1:8). ఆ రాజునకు భూమియు మనుష్యులును అప్పటికే కూర్చి పెట్టబడి యున్నారు. ఇటుకల పనికి మొట్టమొదట ఈడ్వబడినవారు యోసేపు సొంత సంతానపువారే. ఇది యోసేపు తప్పని వేదము చెప్పలేదు, నేనును చెప్పను. మంచివాని కొరకు కుట్టిన అంగీని తరువాత వచ్చినవాడు తొడుగుకొనెనని మాత్రము నాకు తోచుచున్నది. కరవు దినములలో పగ్గములు ఇచ్చినవారు, కరవు తీరిన దినమున వాటిని ఎట్లు తిరిగి తీసికొందుమని ముందే అడుగలేదు.

ఈ ప్రశ్నను ముందే అడిగిన జనులు రోమీయులు. డిక్టేటరు అను మాట వారిదే. అది తిట్టు కాదు, ఒక ఉద్యోగపు పేరు. యుద్ధమో పెద్ద ఆపదయో వచ్చినప్పుడు, పెద్దల సభ సలహా చెప్పగా, అధికారియైన కాన్సలు ఒకనిని నియంతగా నియమించును. గడువు ఆరు నెలలు. అంతకు మించి ఒక దినమును లేదు. పని ముందే ముగిసినయెడల ముందే దిగిపోవలెను. ఇంత అధికారము గలవాడు అనుమతి లేక గుఱ్ఱమెక్కకూడదను కట్టుబాటు కూడ ఉండెను. క్రీ. పూ. 458లో సిన్సినాటస్ అను పెద్దమనిషిని ఇట్లు పిలిచినప్పుడు అతడు తన చిన్న పొలములో పని చేయుచుండెనని వారి చరిత్రకారులు వ్రాసిరి. అతడు పోయి శత్రువులను ఓడించి, పదునారవ దినమున అధికారము వదలి మరల పొలమునకు వచ్చెనట. వ్యవసాయము చేయువారికి ఈ కథ బాగుగా అర్థమగును: నాగలి విడిచి వచ్చినవానికి నాగలి దగ్గర పని మిగిలియుండును. పని మిగిలినవాడు త్వరగా తిరిగిపోవును.

తరువాత ఏమి జరిగెను? క్రీ. పూ. 82లో సుల్లా అనువాడు గడువు వ్రాయని నియంతృత్వము తీసికొనెను. అతడు కొంతకాలమునకు దానిని తానే వదిలెను గాని, గడువు లేక కూడ తీసికొనవచ్చునని అందరికి తెలిసిపోయెను. క్రీ. పూ. 44లో జూలియస్ కైసరు యావజ్జీవ నియంత అనిపించుకొనెను. ఆ సంవత్సరము మార్చి 15న అతనిని పొడిచి చంపిరి. భయపడిన రోమీయులు ఆ ఉద్యోగమునే చట్టముచేత రద్దుచేసిరి. ఇక కీడు పోయెనని అనుకొనిరేమో! తరువాత వచ్చిన ఔగుస్తు కైసరు, జనులు బతిమాలినను నియంత అను పేరు వద్దనెను. పేరు వద్దని, సైన్యమును ధనమును తన చేతిలోనే ఉంచుకొనెను. లూకా 2:1లో మనము చదువు కైసరు ఇతడే. పేరు రద్దయినను పగ్గములు ఒక్క చేతిలోనే మిగిలినవి, మునికోల మాత్రము మాయమైనది.

గ్రీకువారి మాటకు కూడ ఇట్టి చరిత్రయే కలదు. తురన్నొస్ అనగా మొదట వంశపు హక్కు లేక అధికారము పట్టుకొన్నవాడని మాత్రమే అర్థము. క్రూరుడను అర్థము తరువాత గట్టిపడినది. అందుచేతనే ఎఫెసులో పౌలు రెండేండ్లు బోధించిన పాఠశాల తురన్ను అనువానిది అని చదువునప్పుడు (అపొస్తలుల కార్యములు 19:9) మనము ఆశ్చర్యపడనక్కరలేదు. అది ఆ మనిషి పేరు. అతడు ఎవరిని అణచెనని ఎక్కడను లేదు.

ఇప్పుడు నిరంకుశత్వమును చూతము. దానికి నాబోతు ద్రాక్షతోటకంటె మంచి బడి లేదు.

ఇశ్రాయేలు రాజు మొదటినుండియు అంకుశముగల రాజు. గుఱ్ఱములను, భార్యలను, వెండి బంగారములను విస్తరింపజేసికొనకూడదనియు, ధర్మశాస్త్రపు ప్రతిని వ్రాసికొని బ్రతుకు దినములన్నిటను చదువవలెననియు ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయము అతనికి ఆజ్ఞాపించుచున్నది. అహాబు దుష్టుడే గాని ఈ సంగతి ఎరిగినవాడు. నాబోతు తోట కావలసినప్పుడు అతడు సైనికులను పంపలేదు. బదులు తోట ఇచ్చెదననెను, లేదా రూకలు ఇచ్చెదననెను. నాబోతు పిత్రార్జితము అమ్మననెను. అంతట రాజు ఏమి చేసెను? ఇంటికి పోయి మంచముమీద పండుకొని ముఖము త్రిప్పుకొని అన్నము మానెను. మనము ఇక్కడ నవ్వుదుము. అయితే ఒక రాజు ఒక రైతు కాదన్నందుకు అన్నము మాని పండుకొనుట ఆ దినములలో చుట్టుపట్ల ఏ దేశములోను చూడలేని వింత. మునికోల గుచ్చుకొన్నది గనుకనే అతడు పండుకొనెను.

యెజెబెలు సీదోను రాజు కూతురు. తన తండ్రి ఇంట ఆమె ఇట్టి అంకుశమును చూచియుండదు. రాజ్యమేలువాడవు నీవేనా అని భర్తను ఎత్తిపొడిచెను. ఆమె ధర్మశాస్త్రమును చింపలేదని గమనింపుడి. దానినే వాడుకొనెను. రాజు పేర వ్రాసి రాజు ముద్ర వేసి యెజ్రెయేలు పెద్దలకు తాకీదులు పంపెను. ఉపవాసదినము చాటింపుడనెను. ఇద్దరు సాక్షులను నిలువబెట్టుడనెను. ఏలయనగా ఒక్కని సాక్ష్యముమీద ఎవనినైనను చంపకూడదని ధర్మశాస్త్రమున ఉన్నది. దేవదూషణ నేరము మోపుడనెను. అంతయు క్రమముగా జరిగెను. సభ కూడెను, సాక్ష్యము పలుకబడెను, తీర్పు ఆయెను, ఊరి వెలుపల రాళ్లు రువ్విరి. నాబోతు కుమారులును చంపబడిరని 2 రాజులు 9:26 వలన తెలియుచున్నది. నిరంకుశుడు అంకుశమును ఎల్లప్పుడు పారవేయడు. మావటివానిని తనవైపు త్రిప్పుకొనును.

ఈ మావటివారు ఎవరు? యెజ్రెయేలు పెద్దలు. వారిని గూర్చి మనము ప్రసంగములలో ఎక్కువగా వినము. అహాబును, యెజెబెలును, ఏలీయాను విందుము. ఊరి పెద్దలు ఏ తెరవెనుకనో ఉండిపోవుదురు. 14వ వచనమును జాగ్రత్తగా చదువుడి. తాకీదులు వచ్చినది అహాబు పేర. పని ముగిసినదను జవాబును వారు పంపినది యెజెబెలునకు. అనగా తాకీదు ఎవరు వ్రాసిరో, ఎందుకు వ్రాసిరో వారికి మొదటినుండి తెలియును. నాబోతు వారి ఊరివాడు, ఒకే ఊరిలో వారితో కూర్చుండి లేచినవాడు. వారిలో ఒక్కడైనను, ఈ సాక్షులు ఎవరు, వీరిని నేనెరుగనే అని అడిగియుండవచ్చును. అడిగినట్లు వ్రాయబడలేదు. ఏలీయా వచ్చునప్పటికి నాబోతు లేడు. ప్రవక్త మాట అహాబును పొడిచినది నిజమే, అతడు గోనెపట్ట కట్టుకొని తగ్గించుకొన్నదియు నిజమే. అయితే ప్రవక్తకంటె ముందే ఆ ఊరిలో పండ్రెండు నోళ్లో ఇరువది నోళ్లో ఉండెను.

అంకుశము ఉన్నంతమాత్రమున అంతయు మేలే అనుకొనరాదు. దానియేలు 6వ అధ్యాయములోని దర్యావేషు దానియేలును విడిపింపవలెనని ప్రొద్దుగ్రుంకువరకు పాటుపడెను. తాను సంతకము పెట్టిన మాదీయుల పారసీకుల శాసనము మారరానిదని అధికారులు అతనిని అడ్డగించిరి. అతడు నిరంకుశుడు కాడు, శాసనమునకు కట్టుబడినవాడే. అయినను నిరపరాధి సింహముల గుహలో పడెను. అంకుశము ఎవరి చేతిలో ఉన్నదని కూడ అడుగవలెను. ఆ గ్రంథములోనే నెబుకద్నెజరు ఎవరిని చంపగోరిన వారిని చంపెనని, ఎవరిని బ్రతికింపగోరిన వారిని బ్రతికించెనని ఉన్నది (5:19). నిరంకుశుని గూర్చి ఇంతకంటె చక్కగా నిఘంటువులు చెప్పజాలవు. ఎవని ములుకును ఒప్పుకొనని ఆ రాజు చివరకు పశువులతోకూడ గడ్డి మేసెను. సన్హెరీబు ముక్కునకు గాలము, నోటికి కళ్లెము వేసెదనని దేవుడు యెషయాచేత చెప్పించెను (2 రాజులు 19:28). లోకములో ఎవరికిని లోబడనివాని ముక్కుకూడ దేవుని చేతికి అందును.

ఇక హేరోదు సంగతి. అతనికి రాజు అను పేరు ఇచ్చినది రోమా పెద్దల సభ, క్రీ. పూ. 40లో. రాజ్యము అతని చేతికి వచ్చినది మూడేండ్ల తరువాత. పగ్గములన్నియు అతనివే: ప్రధానయాజకులను అతడే పెట్టెను, అతడే తీసెను. కాబట్టి యూదయలో అతడు నియంతవంటివాడే. మరి నిరంకుశుడా? ఇక్కడ ఒక వింత యున్నది. తన కుమారులు అలెగ్జాండరు, అరిస్టోబులు తనమీద కుట్ర చేసిరని తోచినప్పుడు ఆ ముసలి రాజు వారిని వెంటనే చంపలేదు. ఔగుస్తు కైసరునకు వ్రాసెను. కైసరు సెలవిచ్చిన తరువాత బేరూతులో సభ కూర్చి విచారణ జరిపించి, అటుపిమ్మట చంపించెను. మరియొక కుమారుడు అంతిపతరు విషయములోను కైసరు జవాబు కొరకు కనిపెట్టెను. ఈ సంగతులను యూదుల చరిత్రకారుడు యోసేపస్ వ్రాసెను. అతని వీపుమీద ఒక మునికోల ఉండెను, దానికి అతడు జంకుచుండెను.

బేత్లెహేము పసిపిల్లల విషయములో అతడు ఎవరికిని వ్రాయలేదు. ఎవరి సెలవును అడుగలేదు. రాజకుమారుల ప్రాణము రోమాపురిలో లెక్కకు వచ్చును. గొఱ్ఱెల కాపరుల ఊరి పిల్లల ప్రాణము లెక్కకు రాదు. కాబట్టి ఒకే మనుష్యుడు ఒకే సింహాసనముమీద కూర్చుండి, పైవారియెదుట అంకుశముగలవాడును, బేత్లెహేము యెదుట నిరంకుశుడును ఆయెను. నాటకములో రెండు మాటలు వాడిన చిన్నవాడు తప్పు చెప్పలేదు. రెండును నిజమే, అయితే రెండును ఒకటి కాదు.

పల్లెటూరివారమైన మనకు ఇది క్రొత్త సంగతి కాదు. నిజాము పరిపాలన 1948 సెప్టెంబరులో ముగియువరకు తెలంగాణా పల్లెలలో దొరల గడీల ముందు వెట్టిచాకిరి చేసినవారి మనుమలు నేడును మన సంఘములలో ఉన్నారు. ఆ తాతలను అడిగియుండినయెడల నిజాము ఎట్టివాడో వారు అంతగా చెప్పలేకపోయెడివారు; దొర ఎట్టివాడో చెప్పెడివారు. దొర దేశమునకు నియంత కాడు. అతని చేతిలో ఉన్నది కొన్ని ఊళ్ల పగ్గములే. అయితే ఆ ఊళ్లలో అతని వీపును తాకు ముల్లుకర్ర లేదు.

మన కాలపు చరిత్రలో గడువు సంగతికి రెండు ఉదాహరణలు చెప్పెదను. 1933 మార్చి 23న జర్మనీ పార్లమెంటు, చట్టములు చేయు అధికారమును హిట్లరు మంత్రివర్గమునకు అప్పగించెను. ఓట్లు వేసియే అప్పగించిరి: 444 అనుకూలము, 94 ప్రతికూలము. అది నాలుగేండ్లకే అని వ్రాసిరి. 1937లో పొడిగించిరి, 1939లో పొడిగించిరి, 1943లోను పొడిగించిరి. గడువు కాగితముమీద ఉన్నది, గడువు తీరినదని చెప్పు నోరు మాత్రము లేదు. 1934 మే నెలలో బార్మెన్ అను పట్టణమున కొందరు సంఘ ప్రతినిధులు కూడి, సంఘమునకు యేసుక్రీస్తు ఒక్కడే ప్రభువని, ఆయన మాటతో సమానముగా మరియొక నాయకుని మాటను అంగీకరింపమని ఒప్పుకోలు వ్రాసిరి. వారిలో మార్టిన్ నీమొల్లర్ అను బోధకుడు 1937 నుండి 1945 వరకు చెరలో ఉండెను. మొదట హిట్లరు రాకను సంతోషించినవారిలో ఆయనయు ఒకడు. మొదట తాము మౌనముగా ఉండుట తప్పని యుద్ధము తరువాత ఆయన పలుచోట్ల ఒప్పుకొనెను.

మన దేశమున 1975 జూన్ 25న అత్యవసర పరిస్థితి ప్రకటింపబడెను. రాజ్యాంగములోని అధికరణము ప్రకారమే ప్రకటించిరి. లోక్‌సభ గడువును పొడిగించిరి. నిర్బంధింపబడినవాడు కోర్టు తలుపు తట్టుటకు కూడ వీలులేదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు నలుగురు తీర్పు చెప్పగా, హెచ్. ఆర్. ఖన్నా అను ఒక్క న్యాయమూర్తి కాదని వ్రాసెను. 1977 మార్చిలో ఎన్నికలు జరిగి ఆ ప్రభుత్వము దిగిపోయెను. ఆ నెల 21న అత్యవసర పరిస్థితి ఎత్తివేయబడెను. మన ఆంధ్రప్రదేశమున మాత్రము 42 స్థానములలో 41 ఆ పక్షమునకే వచ్చినవని కూడ జ్ఞాపకముంచుకొనవలెను. ములుకు గుచ్చుకొన్నదని అందరికి ఒకేవిధముగా తెలియదు. 1978లో 44వ సవరణ చేసి, ఎట్టి పరిస్థితిలోను ప్రాణమునకును స్వేచ్ఛకును ఉన్న రక్షణను నిలుపుచేయరాదని వ్రాసిరి. ఆ విధముగా పోయిన అంకుశమును మరల చేతికి తెచ్చుకొనిరి.

ఇంతవరకు రాజులను గూర్చి చెప్పితిని. మన ప్రభువు ఈ సంగతిని రాజులతో ఆపలేదు. అన్యజనుల అధికారులు ఎట్లు ప్రభుత్వము చేయుదురో చెప్పి, మీలో ఆలాగుండకూడదని శిష్యులతో చెప్పెను (మత్తయి 20:25–26). అట్టి అధికారులు ఉపకారులని పిలువబడుదురని లూకా 22:25లో ఉన్నది. అది వట్టి ఎగతాళి కాదు. ఐగుప్తునేలిన గ్రీకు రాజులలో ఉపకారి అని బిరుదు పెట్టుకొన్నవారు నిజముగా ఉండిరి. ఆ మాట చెవులార విన్న పేతురు ముసలితనమున సంఘపు పెద్దలకు వ్రాయుచు, మందమీద దొరతనము చేయకుడని చెప్పునప్పుడు (1 పేతురు 5:3), ప్రభువు వాడిన క్రియాపదమే గ్రీకులో వాడెను. యోహాను మూడవ పత్రికలో దియొత్రెఫే అను ఒకడు కనబడును. అతడు మొదటి స్థానమును కోరెను, అపొస్తలుని మాటను లెక్కచేయలేదు, సహోదరులను చేర్చుకొనలేదు, చేర్చుకొనగోరినవారిని సంఘమునుండి వెలివేసెను. అతనికి సైన్యము లేదు, చెర లేదు. పది పదునైదు కుటుంబముల సంఘము చాలును.

పౌలుకూడ ఒకప్పుడు ప్రధానయాజకుల అధికారపత్రములు చేతపట్టుకొని పోయినవాడే. దమస్కు మార్గమున ప్రభువు అతనితో మునికోలలను గూర్చియే మాటలాడెను (అపొస్తలుల కార్యములు 26:14). పొడుచువాడొకడు పైన ఉన్నాడని అతనికి ఆ దినమున తెలిసెను.

ఒక సంఘపు సంగతి చెప్పి ఈ పాఠము చాలించెదను. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు కృష్ణాజిల్లా తీరమున ఒక పల్లెలో మందిరపు పైకప్పు పోయెను. కమిటీవారిలో ఇద్దరు చనిపోయిరి, కొందరు ఊరు విడిచిరి. బియ్యము, దుప్పట్లు, రేకులు వచ్చుచున్నవి. లెక్క చూచువాడు లేడు. మిగిలినవారు చెట్టుక్రింద కూడి, కప్పు పడువరకు తాళములు, పద్దుపుస్తకము, విరాళపు సొమ్ము అన్నియు ఒక పెద్దమనిషి చేతిలో ఉంచుటకు తీర్మానించిరి. ఆయన రాత్రింబగళ్లు కష్టపడెను. ఒక్క రేకు దారి తప్పలేదు. పదునాలుగు నెలలలో కప్పు పడెను. అందరును ఆయనకు దండ వేసిరి.

తొమ్మిదేండ్ల తరువాత కూడ తాళములు ఆయన బొడ్డునే ఉండెను. కమిటీ ఎన్నిక జరుగలేదు. ఎవరికి బాప్తిస్మము, ఎవరి పెండ్లి మందిరములో, ఎవరిది ఇంటివద్ద అని ఆయనే నిర్ణయించెను. ఒక పేద కుటుంబమును రెండేండ్లు బల్లకు దూరముగా ఉంచెను. కారణము అడిగినవాడు లేడు. ఆయన ఒక్క పైసా తినలేదని నేను నేటికిని సాక్ష్యము చెప్పగలను. పద్దు తీసి చూచినవాడను నేనే. అప్పటికి పేరునకు మిగిలిన కమిటీలో నేను అందరికంటె చిన్నవాడను, బడిపంతులును, నాలుగు అక్షరములు వచ్చినవాడను. ఆ కుటుంబమువారు ఆరాధన జరుగుచుండగా గడపవెలుపల కూర్చుండుట ప్రతి ఆదివారము చూచితిని. యెజ్రెయేలు పెద్దలను గూర్చి నేను ఇంతగా వ్రాయుటకు కారణము ఇదియే.

చివరకు అడిగినది ఉప్పెనలో కొడుకును పోగొట్టుకొన్న ఒక ముసలమ్మ. ఆదివారము ప్రకటనలు చదువుచుండగా ఆమె కూర్చున్న చోటనే ఉండి, "కప్పు పడి ఎనిమిదేండ్లాయె గదా నాయనా, తాళాలు ఇంకా నీ దగ్గరనే ఉన్నాయేమి?" అనెను. గొంతులో కోపము లేదు. పిల్లవానిని అన్నము తింటివా అని అడిగినట్లే అడిగెను. మందిరములో ఎవరును కదలలేదు. ఆయన ముఖము ఎఱ్ఱబడెను, ప్రకటనల కాగితము మడిచి బయటకు పోయెను. రెండు ఆదివారములు రాలేదు. మూడవ ఆదివారము అందరికంటె ముందు వచ్చి, తాళముల గుత్తిని పద్దుపుస్తకమును బల్లమీద పెట్టి, స్త్రీలవైపు వెనుక చాపమీద కూర్చున్న ఆ ముసలమ్మకు ఎదురుగా వచ్చి నేలమీద కూర్చుండెను. ఆ దినముననే గడపవెలుపలి కుటుంబమును లోపలికి పిలిచిరి. పిలుచుటకు లేచినవాడు ఆయనే.